పచ్చ సిగ్నల్ దగ్గర ఆగిన బండి

పొద్దున్నే గడ్డి నములుతూ కూర్చున్న కుందేలు కన్ను పగిలిపోయింది.

దాన్ని ఎవరూ ముట్టుకోలేదు, దెబ్బ తగల్లేదు. దాని మానాన అది బోనులో మేస్తోంది. గడ్డిపరక ఒకటి కంటికి రాసుకుంది, అంతే. చెంప మీది బొచ్చు తడిసిపోయింది. కన్నీరేమో అనుకుని దూది పట్టుకుని వంగిన నీలవేణికి, కార్నియాకి పడిన చిల్లులోంచి నల్లగా పొడుచుకొచ్చిన కంటి లోపలి ముక్క కనిపించింది. దూది చేతిలోనే ఉండిపోయింది.

మామూలు కుందేలైతే ఇంత కంగారు లేదు. అది గవర్నరు. ఆ పేరు పెట్టింది నీలవేణే. విశాఖపట్నం పెదవాల్తేరులో ఆమె పనిచేసే కంటి పరిశోధనశాలకి ఏ పెద్దమనిషి వచ్చినా డైరెక్టరు పరాంకుశంగారు ముందు గవర్నరు దగ్గరికే తీసుకెళ్ళేవారు. కంటికి ముందు అద్దంలా ఉండే పొర కార్నియా. జబ్బుతో పలచబడి, మొనదేలి ముందుకు తన్నుకొచ్చిన కార్నియా మళ్ళీ గుండ్రంగా, తేటగా తయారవడం, నీలవేణి కనిపెట్టిన చుక్కలమందు వల్ల, మొదట దాని కంట్లోనే జరిగింది. చూసినవాళ్ళు ముక్కున వేలేసుకునేవారు.

నీలవేణి భయపడింది గవర్నరు కోసం కాదు. దాచడమెందుకు, అదే మందు నాలుగు నెలలుగా ఆమె తమ్ముడు దాలినాయుడి రెండు కళ్ళలోనూ పడుతోంది. ఆ సంగతి ల్యాబులో ఒక్క ప్రాణికీ తెలియదు. ఆ పూట దాలినాయుడు ఇనపరాయి నింపిన గూడ్సుబండి నడుపుతూ అనంతగిరి కొండలు దిగుతున్నాడు.

ఫోన్ చేసింది. స్విచాఫ్. ఇంజనెక్కితే ఫోన్ ఆపెయ్యాలని రూలు, ఆ సంగతి ఆమెకి తెలుసు. తెలిసీ మళ్ళీ చేసింది. ఆ తర్వాత వరండాలో ఈ చివరి నుంచి ఆ చివరికి కాలుకాలిన పిల్లిలా తిరిగింది. తమ్ముడికి కళ్ళు నులుముకునే అలవాటుంది. చిన్నప్పుడు అమ్మ మొట్టికాయలు వేసినా మానలేదు. గడ్డిపరకకే గవర్నరు కన్ను పోతే, వాడు పిడికిలితో నులిమితే ఏమవుతుందో ఊహించడానికి శాస్త్రం చదివి ఉండక్కర్లేదు.

అసలు వాడు ఆమె దగ్గరికి వచ్చిననాడు అమ్మ తద్దినం. భోజనాలయ్యాక పెరట్లో చేతులు కడుక్కుంటూ, ఎవరూ వినకుండా చెప్పాడు.

“అప్పా, నాకు సిగ్నలు ఒకటి మూడు కనిపిస్తన్నాది. ఏది అసలుదో తెలీటం లేదు.”

గూడ్సు పైలట్‌గా ప్రమోషన్ వచ్చి అప్పటికి ఏడాది కూడా కాలేదు. వాళ్ళ నాన్న స్టేషన్లో మూటలు మోసిన చోట కొడుకు ఇంజన్ నడుపుతున్నాడని వీధి వీధంతా మురిసిపోయింది. కళ్ళు బాగాలేవని తెలిస్తే మరునాడే దింపేస్తారు. అద్దాలు పెడితే సరిపోయే జబ్బు కాదది. కార్నియాని ఉన్నచోట ఆపే వైద్యం ఉందిగాని, కార్నియానే మార్చకుండా పోయిన చూపుని వెనక్కి తెచ్చేది లేదు. తెచ్చేది లోకం మొత్తమ్మీద నీలవేణి ల్యాబులో, చిన్న చిన్న సీసాల్లో, ఫ్రిజ్‌లో ఉంది. అక్కడికీ ఆమె వారం రోజులు గింజుకుంది. చివరికి ఒక సీసా హ్యాండుబ్యాగులో వేసుకుని వాడి ఇంటికెళ్ళింది. తన చేత్తో మొదటి చుక్క వేసింది.

ఇదేం మందప్పా అని వాడడిగితే, ఇంట్లో ఉన్న నవారుమంచం చూపించి చెప్పింది. కార్నియాలో సన్నటి దారాల అల్లిక ఉంటుంది. అల్లిక మధ్యలో కణాలుంటాయి. ఒక్కొక్క కణానికీ వేల చేతులు. పుస్తకాల్లో వాటిని రిసెప్టర్లంటారు, నీలవేణి చేతులనే అనేది. ఆ చేతులతో కణాలు అల్లికని పట్టుకుని ఉంటాయి. ఈ జబ్బులో పట్టు సడలుతుంది, మంచం కుక్కి అయిపోతుంది. మందు పడితే చేతులన్నీ బిగుసుకుంటాయి, నవారు లాగి కట్టినట్టు మంచం మళ్ళీ బల్లలా అవుతుంది. దాలినాయుడు అంతా విని, నవారు పాతదే కదా అన్నాడు. ఆమె నవ్వేసింది. ఆ నవ్వు ఇప్పుడు గుర్తొచ్చి ఆమెకి తన మీద తనకే అసహ్యం వేసింది.

నెల తిరిగేసరికి వాడికి మూడు దీపాలు ఒక దీపమయ్యాయి. రెండో నెలకి బల్లి గోడమీద ఏ మూల ఉందో మంచం మీదనుంచి చెప్పేవాడు. నీలవేణి నెలకోసారి వాడి కార్నియా వంపు కొలిచేది, అక్షరాలు చదివించేది. అన్నీ భేషుగ్గా ఉన్నాయి. ఆమె కొలవనిది ఒక్కటే, మందం. మందం కొలిచే యంత్రం పక్కన ఆస్పత్రి భవనంలో ఉంది. అక్కడ కూర్చోబెడితే పేరు రాయాలి, ఎందుకని అడుగుతారు. వంపు సరిగ్గా ఉంటే మందం కూడా సరిగ్గానే ఉంటుందిలే అని సరిపెట్టుకుంది. గవర్నరు విషయంలోనూ అంతే చేసింది. మెరిసే కన్ను చూసి అందరూ చప్పట్లు కొట్టారు తప్ప, లోపలేముందని తొంగి చూసినవాడు లేడు.

ఆ పొద్దున గవర్నరు రెండో కన్ను ఆస్పత్రి యంత్రం కింద పెట్టింది. కార్నియా ఉల్లిపొరంత మిగిలింది.

ఆటో పట్టుకుని రైల్వే క్వార్టర్స్‌కి వెళ్ళింది. తమ్ముడి భార్య గౌరీశ్వరి వాకిట్లో వడియాలు పెడుతోంది. అరుగు మీద జోగారావు కూర్చుని టీ తాగుతున్నాడు. జోగారావు దాలినాయుడికి అసిస్టెంటు, ఇంజన్లో ఎప్పుడూ వాడి పక్క సీటులో ఉండవలసినవాడు. ఇతనిక్కడుంటే బండిలో ఎవరున్నారని అడిగింది. చెల్లెలి పెళ్ళిపనుల కోసం సెలవు పెట్టానని, ట్రైనింగు నుంచి కొత్తగా వచ్చినతన్ని తన బదులు ఎక్కించారని జోగారావు చెప్పాడు. చెప్తూ కళ్ళు దించుకున్నాడు. అతనికి ఏదో బెంగగా ఉందని, ఇంట్లో కూర్చోలేకే ఇక్కడికి వచ్చి కూర్చున్నాడని నీలవేణికి అర్థమైంది. గట్టిగా నిలదీసింది.

ఇంజన్లో ఒక పద్ధతుంది. సిగ్నల్ కనపడగానే పైలట్ చెయ్యి ఎత్తి చూపించి, రంగేమిటో పైకి అనాలి. అసిస్టెంటు కూడా తన కళ్ళతో చూసి, చెయ్యెత్తి, అదే మాట తిరిగి అనాలి. ఒకరు తప్పు చూస్తే ఇంకొకరు పట్టుకోవాలని ఆ ఏర్పాటు.

“మేం దాన్ని తిరగేసీసేం అప్పా,” అన్నాడు జోగారావు. “ఆడికి కనపడనప్పుడు నానే ముందు గ్రీన్ అనీవోణ్ణి. ఆడు తిరిగి అనీవోడు. గొంతులు రెండూ పలుకుతాయి కదా, ఎవలికి అనుమానం వస్తాది? నీ మందు పడ్డాక ఆడే ముందు అనడం మొదలెట్టేడు. ఈ పది రోజులబట్టీ మళ్ళీ నానే ముందంటన్నాను. నీతో చెప్పొద్దన్నాడు.”

నీలవేణి అరుగు అంచు పట్టుకుంది. తమ్ముడి సంగతి ఒక ఎత్తు. ఆ మాటల్లో ఆమెకి గవర్నరు కన్ను ఎందుకు పగిలిందో కూడా కనపడింది.

కణం చేతులు ఊరికే పట్టుకుని కూర్చోవు. లాగి చూస్తాయి. అల్లిక గట్టిగా ఉంటే ఎదురు లాగుతుంది. అదే జవాబు. జవాబు వదులుగా వస్తే, ఇక్కడ దారం అరిగింది కాబోలని కణం కొత్త దారం పేనుతుంది. ఒకటి అడుగుతుంది, రెండోది చెబుతుంది, రాత్రీ పగలూ అదే పని. తన మందు ఆ చేతుల్ని బిగించి తాళం వేసేసింది. కణానికి ఎప్పుడు చూసినా బిగువుగానే ఉంది. అడగకుండానే జవాబొచ్చేస్తోంది, అంతా బాగుంది, అంతా బాగుంది అని. పాత దారాలు అరుగుతూనే ఉన్నాయి. కొత్తవి పేనేవాళ్ళే లేరు. ఇన్నేళ్ళు చదివి, ఇంత ల్యాబు పెట్టుకుని, చివరికి తాను చేసింది జోగారావు చేసిన పనే.

“కంట్రోలు ఆఫీసు నంబరియ్యి, బండి ఆపించాలి,” అంది.

జోగారావు లేచి నిలబడ్డాడు. ఆడి ఉద్యోగం పోద్దప్పా, నాదీ పోద్ది, సాయంత్రానికి ఆడే దిగిపోతాడు, దిగేక నచ్చజెప్పుకుందాం అని బతిమాలాడు. నీలవేణి చేతిలో ఫోనుంది. వేలు కదలడం లేదు. ఆ లైన్లోనే అరకు పాసింజరు ఎదురొస్తుందని తెలుసు, తమ్ముడు చిన్నప్పుడు సిగరెట్టు పెట్టెల్ని వరసగా పేర్చి ఇల్లంతా బండి నడిపేవాడనీ తెలుసు. ఏ మనిషికైనా వేలు ఎలా కదులుతుంది?

గౌరీశ్వరి వడియాల దగ్గర్నుంచి లేచింది. పిండిచేతులు చీరకి తుడుచుకుంటూ దగ్గరికొచ్చింది.

“వదినా, నువ్వు చేస్తావా, నన్ను చెయ్యమంటావా?”

నీలవేణే చేసింది. లోకో పైలట్ అక్కనని, వాడి కళ్ళు బాగాలేవని, బండి ఎక్కడుంటే అక్కడ వాణ్ణి దింపేయమని, గొంతు తడబడకుండా చెప్పింది. ఫోన్ పెట్టేశాక ఆ అరుగు మీదే వెక్కి వెక్కి ఏడ్చింది. గౌరీశ్వరి పక్కన కూర్చుంది గాని ఓదార్చలేదు.

సాయంత్రానికి దాలినాయుణ్ణి ఆస్పత్రికి తెచ్చారు. ఎడమ కంట్లో కార్నియా లోపలి పొర చిట్లి, నీరు చేరి తెల్లబడిపోయింది. దానికి కట్టు కట్టారు. కుడి కన్ను పైకి బాగానే ఉంది. అక్కని చూసి మొహం గోడవైపు తిప్పుకున్నాడు. ఆమె వెళ్ళలేదు. మంచం చుట్టూ తిరుగుతూనే ఉంది. కిటికీ రెక్క తీసింది, వేసింది, నీళ్ళ సీసా ఇటునుంచి అటు పెట్టింది. చివరికి వాడే గోడతో మాట్లాడుతున్నట్టు మొదలెట్టాడు.

“సొరంగంలోంచి బయటికొచ్చేను. ఎడం కన్ను తెల్లగా అయిపోనాది, పాలు పోసినట్టు. కుడి కంటికి సిగ్నలు ఉందని తెలిసింది, రంగు తెలీలేదు. కొత్త కుర్రోడు నాకేసి చూస్తన్నాడు. నానంటేగాని ఆడు అనడు, ఆడికి అలగే నేర్పేరు. జోగిగాడైతే చెప్పీసేవాడు.” గోడ మీద వేలితో గీత గీశాడు. “ఆపేసేనప్పా. బరువుబండి, కొండ దిగుడు, అయినా ఆపేసేను. ఆగేక కుర్రోడన్నాడు, సార్, గ్రీనే కదా సార్, అని. బ్రేకు గాలి తగ్గిందని సాకు చెప్పీ, మెల్లగా కిందకి తెచ్చి దిగిపోదామనుకున్నాను. అంతలోకి కంట్రోలు నుంచి వాకీటాకీలో నా పేరు పిలిచేరు.”

అంటే ఆమె ఫోన్ చేసేసరికి బండి ఆగే ఉంది. నీలవేణికి తల కొట్టేసినట్టయింది.

“నువ్వు ఫోన్ చెయ్యకముందే ఆపేసేను,” అన్నాడు వాడు మళ్ళీ. ఈసారి ఇటు తిరిగి అన్నాడు. “ఎవలికీ ఏటీ అవలేదు. నా నోట్లో కూడు నువ్వు తీసీసేవు.”

ఆమెకి కోపమొచ్చింది. ఏడుపూ వచ్చింది. మంచం పట్టె పట్టుకుని వాడి మీదికి వంగింది. ఒక్కటే అడిగింది.

“రేపు ఆపేవాడివా? ఎల్లుండి జోగి పక్కనుంటే ఆపేవాడివా?”

దాలినాయుడు మళ్ళీ గోడవైపు తిరిగాడు. ఆ రోజే కాదు, చాన్నాళ్ళు ఆ ప్రశ్నకి జవాబివ్వలేదు.

మర్నాడు ఆమె పరాంకుశంగారి గదిలోకి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పేసింది. ఆయన ముందు తలుపు వేశారు. ఈ మాట ఇంకెవరికి తెలుసని అడిగారు. వచ్చే నెలలో మనుషుల మీద పరీక్ష మొదలవ్వాలి, పేర్లిచ్చి ఎదురుచూస్తున్న రోగులున్నారు, ఇలాంటి వేళ ఒక కుందేలు గురించి యాగీ చెయ్యకూడదని మెత్తగా నచ్చజెప్పబోయారు. నీలవేణి గవర్నరు కార్నియా నుంచి కోసిన పొర ఉన్న గాజుపలక మైక్రోస్కోపులో పెట్టి, ఆయన కుర్చీ దానివైపు జరిపింది. ఆయన చెడ్డమనిషేం కాదు. చాలాసేపు చూశారు. తల ఎత్తేసరికి మనిషి పదేళ్ళు పైబడినట్టున్నారు. పరీక్ష ఆపించారు. నీలవేణిని ఉద్యోగంలోంచి సస్పెండ్ చేశారు. రెండు కాగితాల మీదా ఒకే కలంతో సంతకం పెట్టారు.

ఎడమ కంటికి ఎవరో దానం చేసిన కార్నియా అతికించారు. అది కుదురుకోవడానికి ఏడాది పడుతుందన్నారు. అసలు బెంగ కుడి కన్ను. మందు ఒక్కసారిగా మానేస్తే చేతులన్నీ ఒకేసారి వదిలేస్తాయి, పలచబడ్డ అల్లిక ఆ ఊపుకి తట్టుకోదు. వెయ్యడం కొనసాగిస్తే ఎప్పుడో ఒకనాడు గవర్నరు గతే. మిగిలింది ఒక్కటే దారి. చుక్కని నెమ్మది నెమ్మదిగా పలచన చేసుకుంటూ పోవాలి. కొన్ని చేతులు వదలాలి, వదిలిన కణాలు మళ్ళీ లాగి చూడాలి, అల్లిక వదులుగా ఉందని తెలుసుకుని దారం పేనాలి. ఈ పద్ధతి రాసిచ్చింది నీలవేణే. చుక్క వేసేది మాత్రం ఆస్పత్రి డాక్టరమ్మ. నీలవేణి ఇప్పుడు రోగి తాలూకు మనిషిగా పక్కన నిలబడాలంతే.

ఇందులో ఒక తిరకాసుంది. చేతులు వదులుతున్నాయా లేదా అన్నది యంత్రం కంటే ముందు రోగికే తెలుస్తుంది. చూపు మసకబారాలి. మసకబారితే కణాలు మేలుకున్నట్టు. అప్పుడు ఆ మోతాదు దగ్గర ఆగి, అవి పేనుకునేదాకా ఓపిక పట్టాలి. తేటగానే ఉందంటే ఇంకా బిగుసుకునే ఉన్నాయని మోతాదు మరింత తగ్గిస్తారు. మసకగా ఉన్న కంటిని తేటగా ఉందని అబద్ధం చెబితే, తగ్గించకూడని చోట తగ్గించి చేతులారా కన్ను పగలగొట్టుకున్నట్టే. ఇదంతా డాక్టరమ్మ వాడికి ఒకటికి రెండుసార్లు చెప్పింది.

వాడు మాత్రం వెళ్ళిన ప్రతిసారీ తేటగానే ఉందన్నాడు. గోడ మీది అక్షరాలు కింది వరస దాకా టకటకా అప్పజెప్పాడు. కుడి కన్ను నిలిచి, ఎడమది కుదురుకుంటే, మెయిన్ లైను కాకపోయినా యార్డులో ఇంజన్ తిప్పనిస్తారని వాడి ఆశ. మసక అన్న మాట ఒక్కసారి నోట్లోంచి వస్తే ఆ ఆశ కూడా పోతుంది. వాడి మాట నమ్మి డాక్టరమ్మ మోతాదు తగ్గించుకుంటూ వచ్చింది. నీలవేణి మాత్రం ఇంట్లో అన్నం ముద్ద నోట్లో పెట్టుకుని నమలడం మరిచిపోయేది. తాను రాసిచ్చిన లెక్క ప్రకారం ఈపాటికి మసకబారి తీరాలి.

ఒక మధ్యాహ్నం గౌరీశ్వరి కూర తరుగుతూ మాటల్లో అంది, ఆయన బల్లి ఎక్కడుందో చెప్పడం మానేసేడొదినా అని. మామూలుగానే అంది. నీలవేణి చెప్పులేసుకుంది.

ఆస్పత్రిలో అప్పటికే దాలినాయుడు కుర్చీలో కూర్చుని ఉన్నాడు. వెంట వచ్చిన జోగారావు గుమ్మం దగ్గర నిలబడ్డాడు. శిక్షగా అతన్ని ఇంజన్ మీంచి తీసి స్టోర్సులో పడేశారు, అయినా తోడు రావడం మానలేదు. డాక్టరమ్మ గోడ మీది అక్షరాల అట్ట వెనక దీపం వేసి చదవమంది. వాడు గడగడా చదివేశాడు. నీలవేణి నేరుగా వెళ్ళి ఆ దీపం ఆర్పేసింది. డాక్టరమ్మ ఏదో అనబోయి, ఆమె మొహం చూసి ఆగిపోయింది.

“ఆ అచ్చరాలు నీకు కంఠతా వచ్చునని నాకు తెలుసురా,” అంది. అట్టకి అడ్డంగా నిలబడి తన చెయ్యి పైకెత్తింది. “ఇది చదువు. ఎన్ని వేళ్ళు?”

దాలినాయుడు కుడి కన్ను చికిలించాడు. నులుముకోబోయిన చేతిని మధ్యలో ఆపుకున్నాడు. నీలవేణి పెదవులు అప్పుడే ఆ అంకెని పలకడానికి సిద్ధమయ్యాయి. పళ్ళతో పెదవి నొక్కి పట్టుకుంది. చిన్నప్పటినుంచీ వాడి నోట్లో మాట తానే అందించింది, ఎక్కాలైనా, అబద్ధాలైనా, చివరికి ఈ మందైనా. గుమ్మం దగ్గర జోగారావు అలవాటు కొద్దీ గొంతు సవరించాడు.

దాలినాయుడు అటు తిరగకుండానే, సిగ్నల్ చూపించేటప్పుడు ఎత్తినట్టే చెయ్యి ఎత్తాడు.

“ఉండ్రా జోగీ. నన్ను చూడనీ.”

చూశాడు. మెడ ముందుకి చాచి చూశాడు, పక్కకి వంచి చూశాడు. ఎదురుగా ఉన్న చేతిని గాక తన ముందున్న బతుకంతా చూస్తున్నట్టు అంతసేపు చూశాడు. కంటి చివర నీళ్ళు తిరిగాయి. ఎత్తిన చెయ్యి దించలేదు.

“తెలీటం లేదప్పా,” అన్నాడు. “చెయ్యి ఉన్నట్టు తెలుస్తంది. ఏళ్ళు తెలీటం లేదు.”

డాక్టరమ్మ చుక్కల సీసా పక్కన పెట్టేసింది. ఇక ఈ మోతాదు తగ్గించనని చెప్పింది. కణాలు మేలుకున్నాయి. కన్ను ఉంటుంది, ఇంజన్ ఉండదు. అది ఆ గదిలో అందరికీ ఒకేసారి అర్థమైంది.

గవర్నరు కన్ను పగిలిననాటినుంచీ కాలు నిలవని నీలవేణి స్టూలు లాక్కుని తమ్ముడికెదురుగా కూర్చుంది. వాడి చెయ్యి ఇంకా గాలిలోనే ఉంది. ఇంజన్లో ముందు అన్నవాడు, రెండోవాళ్ళు తిరిగి అనేదాకా చెయ్యి దించకూడదు. ఆమె తన చెయ్యి ఎత్తి వాడి చేతికి ఆనించింది.

“తెలీటం లేదు,” అని తిరిగి పలికింది.

అప్పుడు వాడు చెయ్యి దించాడు.